అప్‌డేట్: కొత్త బ్యాటరీ కూడా దిగిపోతున్న బండి సంగతి తేలింది

బైక్‌కు కొత్త బ్యాటరీ వేయించినా పొద్దున సెల్ఫ్ కొట్టడం లేదని మొన్న అడిగాను కదా, తప్పు బ్యాటరీది కాదు. మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్) పెట్టి చూడమన్న అన్నలకు థ్యాంక్స్.

ఫుల్ చార్జ్ చేయించి రాత్రంతా పక్కన పెడితే 12.7 వోల్టులు నిలబడింది. బండి స్టార్ట్ చేసి రేస్ ఇస్తే మాత్రం 12.4 దాటలేదు, అక్కడ 13.5 నుంచి 14.5 దాకా రావాలి. అంటే చార్జింగే లేదు. నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయేలోపు హెడ్‌లైటే ఉన్నదంతా తాగేస్తుంది, పైగా 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకు పగలు కూడా లైటు ఆగదాయె.

గడియారం సెంటర్ దగ్గర ఒక మెకానిక్ చూడకుండానే ఇంజిన్ లోపల కరెంటు పుట్టించే కాయిల్ పోయింది, ఇంజిన్ కవర్ విప్పాలి అన్నాడు. ఆగన్నా అని, కాయిల్ కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఊడదీసి మూడు పసుపు వైర్లను రెండేసి చొప్పున ఏసీ వోల్టేజీలో చూశాను, రేస్ ఇచ్చినప్పుడు మూడు జతల్లోనూ దాదాపు ఒకే రీడింగ్ వచ్చింది, ఇంజిన్ ఆపి చూస్తే ఏ వైరుకూ బాడీతో కంటిన్యుటీ లేదు, అంటే ఎక్కడా బాడీకి షార్ట్ కాలేదు. కాయిల్ బాగానే ఉన్నట్టే. తీరా చూస్తే, కాయిల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చి పంపే రెగ్యులేటర్ కప్లర్‌లో ఒక పిన్ దగ్గర ప్లాస్టిక్ కరిగి నల్లబడింది!

రెగ్యులేటర్ మార్చాక ఇప్పుడు 14.2 వస్తోంది, సెల్ఫ్ ఒక్క నొక్కుకే అందుకుంటోంది. మీరూ మార్పిస్తే కప్లర్ కూడా కొత్తది వేయమనండి, కరిగిన దాంట్లోనే మళ్లీ గుచ్చితే లూజ్ కాంటాక్ట్‌తో వేడెక్కి అదీ పోతుంది.