‘హిబాకుషా’ను తెలుగులో ఏమందాం?

ప్రశ్న: హిరోషిమా మీద చిన్న వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘హిబాకుషా’ అన్న జపనీస్ మాట వచ్చినచోట ‘అణుబాంబు బాధితులు’ అని రాశాను. సరిపోతుందాండీ?

జవాబు: తప్పు కాదు గానీ చాలదండీ. ‘బాధితులు’ అంటే మనకి వరద బాధితులు, తుఫాను బాధితులు గుర్తొస్తారు. పరిహారం చేతికందితే ఆ మాట పనైపోతుంది. హిబాకుషా అలా కాదు, 1945లో తగులుకుంటే చచ్చేదాకా వదలని మాట. జపాన్ ప్రభుత్వం వాళ్ళకి 1957 నుంచి, హిబాకుషా అని గుర్తిస్తూ ఆరోగ్య పుస్తకం ఇస్తోంది. బాంబు పడ్డరోజు ఊళ్ళో ఉన్నవాళ్ళకే కాదు, రెండు వారాల్లోపు అయినవాళ్ళను వెతుక్కుంటూ ఊరి నడిబొడ్డుకు వెళ్ళినవాళ్ళకీ, అప్పటికి తల్లి కడుపులో ఉన్నవాళ్ళకీ అది వస్తుంది. హిరోషిమా అమ్మాయి సదాకో ససాకికి అప్పుడు రెండేళ్ళు. పైకి గాయమేమీ లేదు. 1955లో, పన్నెండేళ్ళ వయసులో, ల్యుకేమియాతో (రక్త క్యాన్సర్‌తో) పోయింది.

ఇక మాట సంగతి. ‘హి’ అంటే పడిన, ‘బకు’ పేలుడు, ‘షా’ మనిషి. అచ్చం ఇలాగే పలికే మాట ఇంకొకటి ఉంది. అందులో ‘బకు’ రాసే అక్షరం వేరు: నిప్పు గుర్తు బదులు సూర్యుడి గుర్తు ఉంటుంది, అర్థం ఎండకు పెట్టడం. బాంబు కాకుండా రియాక్టర్ ప్రమాదంలాంటి వాటివల్ల రేడియేషన్‌కు గురైనవాళ్ళను అలా రాస్తారు. చెవికి మాత్రం రెండూ ఒకటే.

ఆ ‘హి’కి మన ‘పడు’ భలే సరిపోతుంది. బాధపడ్డాడు, మాటపడ్డాడు అంటాం కదా, అలాగే ‘బాంబు పడ్డవాళ్ళు’ అనొచ్చు. ‘పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదు’ అన్న సామెత వీళ్ళ విషయంలో ఊరు ఒప్పుకోలేదు. పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని అసలు పుస్తకమే తీసుకోనివాళ్ళున్నారు. తర్వాత పుట్టిన పిల్లల్లో వంశపారంపర్య దోషమేదీ పరిశోధనల్లో ఇంతవరకు తేలలేదు, అయినా అనుమానం పోలేదు.

మరొకరు: ‘బాంబు పడ్డవాళ్ళు’ ఎబ్బెట్టుగా ఉంది. ‘రేడియేషన్ సోకినవాళ్ళు’ అంటే?

జవాబు: వద్దండీ. సోకేది అంటురోగం. వాళ్ళ పక్కన కూర్చుంటే అంటుకుంటుందనే కదా జనం దూరం పెట్టింది!

మరొకరు: ‘బాంబు పాలబడ్డవాళ్ళు’?

జవాబు: బాగుంది గానీ, ‘పులి పాలబడ్డాడు’ అంటే పోయాడనేగా. వీళ్ళు బతికి అనుభవించినవాళ్ళు. 2025 మార్చి నాటికి పుస్తకం ఉన్నవాళ్ళు లక్షలోపే, సగటు వయసు 86.

ప్రశ్న అడిగినవారు: అయితే సునామీని ఉంచుకున్నట్టే హిబాకుషానీ ఉంచేస్తాను. మొదటిసారి వచ్చినచోట ఆ రెండు ‘బకు’ల సంగతి ఒక వాక్యంలో చెప్తాను.