సమస్య: "తల నఱికిన పిదప తల్లి యయ్యె"

నిర్వాహకుడు: పొద్దున వరండాలో మనీప్లాంట్ తీగ కత్తిరిస్తుంటే నోట పడిన పాదమిది. ఈసారి ఇంటి మొక్క మీదే పూరించాలి.

మిద్దెతోట:
కణుపు కింద గోసి గాజుసీసా నీట
నుంచ బక్షమునకు నూడ వచ్చె;
కొనను తుంచ రెండు కొమ్మలు మొలిచెను;
తల నఱికిన పిదప తల్లి యయ్యె!

వేరు పుట్టేది కణుపు దగ్గర, కొత్త తీగ లేచేదీ అక్కడే. అందుకే పద్యాన్ని ఆ మాటతోనే ఎత్తుకున్నాను. కిందటి నెల ఒకరి పూరణలో ఉత్త ఆకును నీళ్ళలో వేస్తే తీగ సాగినట్టు చదివాను. అలా జరగదు.

గట్టుమీది మాస్టారు: ఆ ఒకరు నేనే. ఆకుకు వేర్లు వచ్చిన మాట నిజం, నా కళ్ళతో చూసి రాశాను. మీ పద్యానికొస్తే, 'నుంచ – నూడ' యతి హాయిగా కుదిరింది. కానీ కర్త ఎవరు? మొదటి రెండు పాదాల్లో సీసాలోని కొస. మూడో పాదంలో కుండీలోని మొదలు. తల్లి అయింది ఎవరమ్మా?

మిద్దెతోట: తల పోయింది మొదలుకి, తల్లి అయిందీ అదే మాస్టారూ. సీసాలో ఉన్నది దాని బిడ్డ. వేర్ల దగ్గరే ఆగిపోయారు మీరు. ఆ ఆకుకు చిగురు వచ్చిందా?

ఏకశిల: నియమం తప్పుతున్నానని తెలుసు, మనసు ఆగలేదు.
తండ్రి యాజ్ఞ మేర తనయుని గొడ్డలి
రేణుకమ్మ మెడను రెండు చేసె;
ఊరి జనుల కెల్ల నుర్వి నెల్లమ్మయై
తల నఱికిన పిదప తల్లి యయ్యె!

గట్టుమీది మాస్టారు: రెండో పాదం దగ్గర ఒళ్ళు జలదరించింది. రేణుక అప్పటికే ఐదుగురు కొడుకుల తల్లి, మళ్ళీ తల్లి కావడమేమిటన్న చిక్కును 'ఊరి జనుల కెల్ల' ఒక్కటే విప్పేసింది. పూరణ అంటే ఇదీ.

నిర్వాహకుడు: నాకూ నచ్చింది. కానీ మొక్క లేదు కాబట్టి లెక్కలోకి తీసుకోలేను.

చింతచిగురు: మా స్నేక్ ప్లాంట్ కథ.
నీరు మితము మీరి నిలువెల్ల కుళ్ళగ
పైన మిగులు కొనను పదిలపఱచి
కొత్త కుండి లోన గుచ్చితి నారబెట్టి;
తల నఱికిన పిదప తల్లి యయ్యె!

మిద్దెతోట: మూడో పాదం చివర గణం చెడింది. 'నారబెట్టి'లో ఒక లఘువు ఎక్కువ.

చింతచిగురు: చూసుకోలేదు అక్కా. 'గుచ్చితి మట్టిలో' అంటే సరిపోతుందా?

మిద్దెతోట: గణం సరిపోతుంది, మొక్క చస్తుంది. కోసిన ముక్కను రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, కోత మీద పొర కట్టాక గుచ్చాలి. పచ్చి కోతను తడిమట్టిలో పెడితే మళ్ళీ కుళ్ళే. ఆరడం అన్న మాట పద్యంలో ఉండి తీరాలి. 'గుచ్చితి నారాక' అను. ఇంకోటి, ఆకు అడుగు వైపే మట్టిలోకి పోవాలి. తలకిందులుగా గుచ్చితే వేరు పట్టదు. కోసేటప్పుడే అడుగున చిన్న గాటు పెట్టుకుంటే ఏ వైపు ఏదో తెలుస్తుంది.

చింతచిగురు: మార్చేశాను. 'నారాక' నోటికి కూడా బాగుంది.

చిట్టివరండా:
పసుపుటంచు చాగ పత్రమ్ము గోసితి;
మట్టిలోన నిలుప మాసములకు
పచ్చ పిల్ల వచ్చె పసుపంచు లేకయే;
తల నఱికిన పిదప తల్లి యయ్యె!

గట్టుమీది మాస్టారు: ఇది అసలైన మెలిక! తల్లి పసుపంచు చీర పిల్లకు దక్కలేదు. మూడో పాదంలో 'పచ్చ', 'పసుపు' పక్కపక్కన నిలబడి పోట్లాడుకుంటున్నాయి. మిద్దెతోట గారి పద్యంలో సమాచారం ఉంది, ఇందులో కథ ఉంది.

మిద్దెతోట: ఒప్పుకుంటాను, నాకంటే బాగా రాశారు. పైగా నిజం కూడా. అంచులోని పసుపు కణజాలం వేరు, లోపలి పచ్చ కణజాలం వేరు. ఆకు ముక్క నుంచి పుట్టే మొలకకు ఆ అంచు రాదు. అంచు కావాలంటే దుంపతో సహా పిలకను విడదీయాల్సిందే. ఒక్క అభ్యంతరం, 'చాగ' అనడం. మన చాగకు పసుపంచు ఉండదు. కుండీల్లో పెంచుకునేది దాని ఆఫ్రికా చుట్టం.

చిట్టివరండా: చుట్టాన్ని ఇంటిపేరుతో పిలిచాననుకోండి. పద్యంలో 'స్నేక్ ప్లాంట్' ఎక్కడ ఇముడుతుంది?

ఏకశిల: చాగ అననివ్వండి. చాగనే సంస్కృతంలో మూర్వ అన్నారు. ఆ నారతో పేనింది కాబట్టే వింటినారికి మౌర్వి అని పేరు. పద్యాల్లో ఎన్ని విల్లులు ఎక్కుపెట్టాం, ఆ నారిచ్చిన మొక్కకు ఒక్క పాదం ఇవ్వకూడదా?

మిద్దెతోట: మౌర్వి అన్నాక ఇంకేమంటాను! చాగే ఉండనివ్వండి.

గట్టుమీది మాస్టారు: మిద్దెతోట గారూ, ఇందాక మీరు అడిగినదానికి జవాబు. ఇప్పుడే లేచి సీసా చూసి వచ్చాను. ఆకు ఇంకా పచ్చగానే ఉంది, వేర్లు జానెడు పెరిగాయి. చిగురు లేదు. కిందటి నెల పద్యంలో మూడో పాదం మార్చి పెడతాను. ఈసారి కణుపున్న ముక్క ఒకటి ఇప్పించండి.

మిద్దెతోట: రెండు కణుపులున్నది కోసి పెడతాను మాస్టారూ. ఒక కణుపు నీళ్ళలో మునగాలి, ఆకు మాత్రం మునగకూడదు. ఆదివారం రండి.