11వ తరగతి బేస్‌బాల్ పిచ్చర్‌కి కాలేజీ కోచ్‌ల మెయిళ్లు: నమ్మొచ్చా? మొదటి ఏడాదే ఆడిస్తారా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక అమ్మ)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇప్పుడే 11వ తరగతిలోకి వచ్చాడు. బేస్‌బాల్‌లో కుడిచేతి పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు), గంటకు 84 మైళ్ల వేగంతో వేస్తాడు. ఆగస్టు మొదటి వారం నుంచి కాలేజీల మెయిళ్లు కుప్పలుగా వస్తున్నాయి, చాలావరకు "మా క్యాంపుకు రండి" అనే. వాడు డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి) తప్ప ఇంకో మాట ఎత్తనివ్వడం లేదు. మావారేమో "ఆలు లేదు, చూలు లేదు" అని నవ్వుతున్నారు. ఈ మెయిళ్లకు అర్థం ఏమిటి? ఎక్కడో ఒకచోట తీసుకున్నా మొదటి ఏడాది ఆడిస్తారా?

జవాబు (షార్లట్ నుంచి, పెద్దబ్బాయి కాలేజీలో ఆడుతున్నాడు)

మెయిళ్లు ఆగస్టులో ఎందుకు మొదలయ్యాయంటే, డివిజన్ 1 కోచ్‌లు 11వ తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 వరకు పిల్లలతో రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2023లో పెట్టిన నిబంధన ఇది. గేటు తెరిచారు కాబట్టి అందరికీ వస్తాయి. క్యాంపు మెయిల్ అంటే ఫీజు కట్టి రమ్మనడమే, మీవాడు కావాలని కాదు. నిజంగా కావాలనుకున్న కోచ్ ఫోన్ చేస్తాడు, ఫలానా మ్యాచ్‌లో చూశానంటాడు, మార్కులు అడుగుతాడు, మళ్లీ వచ్చి చూస్తాడు. ఇవేవీ లేకపోతే ఆ మెయిల్‌ను పక్కన పెట్టేయండమ్మా.

మీ రెండో ప్రశ్నే అసలుది. ఇప్పుడు 18 ఏళ్ల కుర్రాడికి మొదటి ఏడాది చోటు దొరకడం బాగా కష్టమైంది. మేజర్ లీగ్ డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ జట్లు వరుసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) ఒకప్పుడు 40 రౌండ్లు ఉండేది, 2021 నుంచి 20కి దిగింది. ప్రొఫెషనల్‌గా వెళ్లిపోవాల్సిన వాళ్లు చాలామంది కాలేజీలోనే ఉండిపోతున్నారు. పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా. ఇంకో కాలేజీలో రెండేళ్లు వేసి, బ్యాటర్లను అవుట్ చేసి చూపించిన 21 ఏళ్ల పిచ్చర్ దొరుకుతుంటే, మీవాడు పెరిగేదాకా కోచ్ ఎందుకు ఆగుతాడు? ఓడితే పోయేది ఆయన ఉద్యోగం. ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన కేసులో 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, అందులో చేరిన కాలేజీలకు జట్టు పరిమితి 34 మందే. ఫాల్‌లో (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో) అంతకన్నా ఎక్కువ మందిని పిలిచి, సీజన్ మొదలయ్యేలోపు కొందరిని తీసేసే చోట్లు ఉన్నాయి.

కోచ్ మాటలు వినే ముందు ఒక సాయంత్రం కూర్చుని ఇది చేయండి. ఆ కాలేజీ సైట్‌లో రెండేళ్ల కిందటి జట్టు జాబితా తీయండి. అందులో ఫ్రెష్‌మెన్ (మొదటి ఏడాది వాళ్ల) పేర్లు రాసుకుని, ఈ ఏడాది జాబితాలో ఎందరు మిగిలారో చూడండి. తర్వాత గణాంకాల పేజీలో ఫ్రెష్‌మన్ పిచ్చర్లు ఎన్ని ఇన్నింగ్స్ వేశారో చూడండి. ఏ రోజు వేశారన్నది కూడా ముఖ్యం. శుక్ర, శని, ఆదివారాల సిరీస్ ముదిరిన చేతులకే ఇస్తారు, కొత్తవాళ్లకు మంగళ, బుధవారాల మ్యాచ్‌లే దక్కుతాయి. అవి కూడా దక్కని కాలేజీలు బోలెడు. ఆ లెక్క ముందు పెట్టుకుని కోచ్‌ను సూటిగా అడగండి: ఈ ఏడాది పోర్టల్ నుంచి ఎంతమంది పిచ్చర్లను తెచ్చారు? మావాడి ఏడాదికి మొత్తం ఎంతమందిని తీసుకుంటున్నారు? నసిగితే మీకు జవాబు దొరికినట్టే.

ఫుల్ స్కాలర్‌షిప్ గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి వినకండి. ఆ ఒప్పందానికి ముందు డివిజన్ 1 జట్టంతటికీ కలిపి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి పంచేవారు. ఇప్పుడు ఆ పరిమితి ఎత్తేసినా డబ్బున్న కాలేజీలే ఎక్కువ ఇస్తాయి.

జవాబు (ట్యాంపా నుంచి)

మరీ అంత భయపెట్టకండి అన్నా! మన అర్జున్ నిమ్మల 17 ఏళ్లకే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వెళ్లలేదా?

జవాబు (షార్లట్)

వెళ్లాడు తమ్ముడూ, 2023లో టొరంటో బ్లూ జేస్ 20వ ఎంపికగా తీసుకుంది. కానీ అతను ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి మాటిచ్చి, కాలేజీ గడప తొక్కకుండానే బ్లూ జేస్‌తో సంతకం పెట్టిన షార్ట్‌స్టాప్ (ఫీల్డర్), పిచ్చర్ కాదు. అలాంటివాడికి ఈ గ్రూపులో సలహా అడగాల్సిన పని ఉండదు. 84 మైళ్ల పిల్లవాడి దారి వేరు. డివిజన్ 1లో కుడిచేతి పిచ్చర్లు 90కి అటూఇటూ వేస్తారు. మీవాడికి రెండేళ్లు ఉన్నాయి, ఎదుగుతాడు. జూనియర్ కాలేజీ (ఇక్కడ 12వ తరగతి తర్వాత చదివే రెండేళ్ల కాలేజీ) మాట కూడా ఇంట్లో ఎత్తండి. అక్కడ మొదటి ఏడాదే మ్యాచ్‌లు దొరుకుతాయి, రెండేళ్లకు పెద్ద కాలేజీకి మారొచ్చు. మనవాళ్లకు అది నామోషీగా ఉంటుందని తెలుసు.

జవాబు (ఫీనిక్స్ నుంచి, ఫిజియోథెరపిస్ట్)

వేగం పెంచాలన్న తొందరలో చెయ్యి పాడు చేసుకోనివ్వకండి. మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 15-16 ఏళ్లవాళ్లు రోజుకు 95 బంతులు దాటకూడదు. 76 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి. స్కూలు కోచ్ లెక్క ఒకటి, క్లబ్ కోచ్ లెక్క ఒకటి ఉంటాయి, రెండూ కలిపి చూసేది మీరే. షోకేస్‌ల (కోచ్‌ల ముందు ఆడి చూపించే ఈవెంట్ల) ఫీజుకన్నా ముందు తిండికీ, బరువులెత్తే వ్యాయామానికీ ఖర్చు పెట్టండి. కాలేజీలో ఫిబ్రవరి మధ్య నుంచి 56 మ్యాచ్‌ల సీజన్, ప్రయాణాలు, వారానికి 20 గంటల దాకా ప్రాక్టీసు, దాని పైన చదువు. సన్నగా వచ్చిన పిల్లలు ఫాల్‌లోనే అలిసిపోతారు.

ప్రశ్న (ఫ్రిస్కో)

చాలా థ్యాంక్స్ అండీ. ఆ జాబితాల లెక్క ఈ రాత్రే వాడి చేత చేయిస్తాను. ఇంకొక్కటి: నేనూ, మావాడూ ఇంకా హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీదే ఉన్నాం. ఇబ్బందా?

జవాబు (షార్లట్)

ఆటకు, స్కాలర్‌షిప్‌కు అడ్డం కాదు. వాడికి 21 నిండేలోపు ఎఫ్1 (స్టూడెంట్ వీసా)కి మారే సంగతి చూసుకోండి. చిక్కంతా పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఇచ్చే ఎన్ఐఎల్ డబ్బుతో. అది పని కింద లెక్కకొస్తే వీసాకే ముప్పు, ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా దేనిమీదా సంతకం వద్దు. ఆడే అర్హతను తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో ఖాతా తెరవండి. డివిజన్ 1కి హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ వంటివి) కావాలి, వాటిలో పది 12వ తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. స్కూలు కౌన్సెలర్‌తో ఈ వారమే మాట్లాడండి.