పార్టులు మార్చిన పాత స్ట్రాట్ గిటార్‌ని ఒరిజినల్ అనొచ్చా? రీపెయింట్ చేయించనా, వద్దా?

కావలి_తీగలు
మా నాన్న నెల్లూరు ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయించేవారు. 1986లో మద్రాసు బర్మా బజార్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) ఎలక్ట్రిక్ గిటార్ ఇప్పుడు నా దగ్గరుంది. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల) మీద నంబర్ ఎస్8తో మొదలవుతుంది, నెక్ (పొడుగాటి మెడ) వెనక మూడు బోల్టులు. ఉప్పుగాలికి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) తుప్పుపట్టింది. మోచెయ్యి ఆనేచోట పెయింట్ పెచ్చులూడింది. మధ్య పికప్ (తీగల మోతని పట్టే అయస్కాంతపు చుట్ట) మోగట్లేదు.

చెన్నై నుంచి ఒకాయన వచ్చి చూశాడు. "పికప్‌ని ఎంచుకునే స్విచ్ ఐదు పొజిషన్లది, అంటే మార్చారు, ఒరిజినల్ కాదు" అని సగం ధర చెప్పి వెళ్లాడు. ఎలాగూ ఒరిజినల్ కాదంటున్నారు కదా, శుభ్రంగా రీపెయింట్ చేయించి ఇంట్లోనే పెట్టుకుందామనుకున్నా. కార్ల పెయింట్ షెడ్‌లో వెయ్యి అడ్వాన్స్ కూడా ఇచ్చేశా. మీరేమంటారు?

ఒంగోలు_బేస్
చేయించు తమ్ముడూ. గిటార్ ఉన్నది వాయించడానికి. మా చర్చిలో వాయించే గిటార్‌కి ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలు) రెండుసార్లు మార్చాం, క్రిస్మస్ రోజు ఎవరూ వచ్చి ఇవి పాతవేనా అని అడగలేదు. టైర్లు మారిస్తే అది మన బండి కాకుండా పోతుందా ఏంది?

కందుకూరు_సోల్డర్
ఆ షెడ్డుకి మాత్రం పంపొద్దు. ముందు స్విచ్ సంగతి. స్ట్రాట్‌కి ఐదు పొజిషన్ల స్విచ్‌ని ఫెండర్ 1977లోనే పెట్టింది. అంతకుముందు మూడే. నీది ఎస్8, అంటే ఇంచుమించు 1978. ఐదుండటమే సరి, మూడుంటే అనుమానపడాలి. ఆయన తెలియక అన్నాడో, బేరానికన్నాడో నేను చెప్పను.

అలాగని నంబర్ చూసి సంబరపడకు. 1976లో నంబర్‌ని వెనక బోల్టుల దగ్గరుండే ప్లేటు మీంచి హెడ్‌స్టాక్ మీదికి మార్చారు. మూడు బోల్టులు విప్పితే నెక్ ఊడొస్తుంది, దాంతో పాటే నంబరూ పోతుంది. అంటే ఆ నంబర్ నెక్‌కి మాత్రమే సాక్షి. బాడీ ఇంకో గిటార్‌ది కావచ్చు.

తీగలు తీసి పిక్‌గార్డ్ (బాడీ మీది ప్లాస్టిక్ పలక) ఎత్తు. పాట్ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కిందుండే భాగాలు) వెనక ఏడంకెలు గుద్ది ఉంటాయి. మొదటి మూడూ 137 అయితే పాట్ చేసింది సీటీఎస్ కంపెనీ, తర్వాతి రెండూ సంవత్సరం, చివరి రెండూ వారం. 1377820 ఉందనుకో, 1978లో ఇరవయ్యో వారం, మే నెల. అది పాట్ పుట్టిన తేదీ. గిటార్ అంతకన్నా ముందుది కాదు అని మాత్రమే దానివల్ల తెలుస్తుంది.

ఇంకోటి, హెడ్‌స్టాక్ ముందువైపు కాచిన నెయ్యి రంగుకి తిరిగి, నెక్ వెనకవైపు పాలిపోయి ఉందా? ఆ రోజుల్లో మిగతాదంతా మందపాటి పాలిస్టర్ కొట్టి, డికాల్ (కంపెనీ పేరున్న స్టిక్కర్) అంటించిన ముందువైపుకి మాత్రం లక్కర్ కొట్టేవాళ్లు. లక్కర్ పసుపెక్కుతుంది, పాలిస్టర్ అంతగా ఎక్కదు. రెండుపక్కలా ఒకే పసుపుంటే నాకు డౌటే.

ఒంగోలు అన్నా, ఫ్రెట్లు అరుగుతాయి, మార్చాల్సిందే. ఆ విషయంలో మీతో పేచీ లేదు. పాట్ మార్చినా పాతది కవర్‌లో వేసి దాచుకోవచ్చు. పెయింట్‌ని గీకాక ఏ కవర్‌లో దాస్తాం? పెచ్చులూడినా సరే, బాడీకున్న సాక్ష్యం అదే.

ఒంగోలు_బేస్
1965లో సీబీఎస్ (అమెరికా రేడియో, టీవీ కంపెనీ) వాళ్లు ఫెండర్‌ని కొన్నాక క్వాలిటీ పడిపోయిందని లోకమంతా తిట్టిపోసింది. ఆ మూడు బోల్టుల నెక్ పక్కలకి ఊగుతుందని మీరే ఎన్నిసార్లు సణిగారు! ఇప్పుడు దానికే పూజలా?

కందుకూరు_సోల్డర్
సణిగాను, ఇప్పుడూ సణుగుతా. నెక్ పట్టుకుని పక్కకి తోసి చూడాలి, ఒకటో తీగ ఫ్రెట్‌బోర్డ్ అంచు నుంచి జారిపోతుంటే నెక్ కూర్చునే పాకెట్ వదులన్నట్టే. మంచి గిటారా అన్నది ఒక ప్రశ్న, మార్చని గిటారా అన్నది ఇంకో ప్రశ్న. చెన్నై ఆయన సగానికి దించింది రెండోదాని పేరు చెప్పేగా.

కావలి_తీగలు
నిన్న రాత్రి విప్పాను. రెండు పాట్ల వెనక 1377819 ఉంది. మూడోదానికి నంబరే లేదు, దానిమీద సోల్డర్ రేగుపండంత ముద్ద. నాన్నని అడిగితే, శ్రీరామనవమి పందిళ్లలో గరగర వస్తోందని ట్రంక్ రోడ్డులో రేడియోలు బాగుచేసే ఆయన చేత వేయించానన్నారు. పాతదేదంటే, "ఏం చేసుకుంటాంలే అని పారేశా" అన్నారు.

మీటర్ పెడితే రెండు పికప్‌లు 5.8, 5.9 కిలోఓమ్‌లు చూపించాయి, మధ్యది ఏమీ చూపలేదు. పిక్‌గార్డ్ కింద కూడా పైనున్న ఎరుపే, ఎండ తగలక ఇంకాస్త ముదురుగా ఉంది. అదనపు బెజ్జాలేం లేవు. హెడ్‌స్టాక్ అచ్చం నెయ్యి రంగే.

ఒంగోలు_బేస్
ఆ చచ్చిన పికప్‌కి కొత్త తీగ చుట్టిస్తే అది ఒరిజినలా, కాదా? ఇది తేల్చండి ముందు.

కందుకూరు_సోల్డర్
అయస్కాంతాలు పాతవి, తీగ కొత్తది. నేనైతే "రీవైండ్ చేసిన ఒరిజినల్ పికప్, ఒక పాట్ మార్చాం" అని రాసిచ్చి అమ్ముతా. కొనేవాడు కాదంటే వాడిష్టం.

కావలి_తీగలు
చెన్నై ఆయనకి ఫోన్ చేసి స్విచ్ సంగతి చెప్పా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మళ్లీ వచ్చి చూస్తా" అన్నాడు. అమ్మాలని ఇప్పుడు నాకే అంతగా లేదు. ముందు షెడ్డుకెళ్లి ఆ వెయ్యి వెనక్కి అడగాలి, ఇస్తాడో లేదో.