కొత్త కృతి పాడితే, కట్టినవాళ్ళకి డబ్బులివ్వాలా?

ప్రాసాక్షరం (మందవెల్లి, చెన్నై)
ఈ మాట ఎత్తడానికి నాలుగు రోజులు తటపటాయించాను. సొంతూరు నెల్లూరు, చెన్నై వచ్చి పద్దెనిమిదేళ్ళు. పొద్దున ఐదున్నర నుంచి అమెరికా పిల్లలకి ఆన్‌లైన్ పాఠాలు చెబుతాను, ఇల్లు గడిచేది వాటితోనే. మిగిలిన టైములో కర్ణాటక సంగీతంలో వర్ణాలు, కృతులు కడతాను. కిందటేడు ఒక గాయని అడిగితే వాచస్పతి రాగంలో ఆదితాళం కృతి చేసిచ్చాను. పల్లవి ‘రామ రా వేగమే’. రెండో అక్షరం ‘మ’ కాబట్టి దాని తర్వాత వచ్చే అనుపల్లవికీ అదే ప్రాస కుదరాలి, ముందు అక్షరం దీర్ఘం కావాలి. ‘తామసమేల’ దగ్గర మనసు ఆగేసరికి వారం పట్టింది. చివర పాడే స్వరాల వరస, చిట్టస్వరంతో కలిపి ఐదు వారాల పని.

డిసెంబర్ సీజన్లో, టికెట్ పెట్టిన కచేరీలో ఆవిడ దాన్ని పాడింది. నేను ఏడో వరసలో ఉన్నాను. రాగం పేరు చెప్పింది, తాళం చెప్పింది, నా పేరు చెప్పలేదు. పైగా ‘రామ రావే’ అని ఊపిరి తీసుకుని, ‘గమే’ అంది. రాముణ్ణి ఆడపిల్లని పిలిచినట్టు పిలిచేసింది! పక్క సీటాయన ఇది త్యాగరాజ కృతా అని తమిళంలో భార్యని అడుగుతున్నాడు. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. మర్నాడు ఫోన్ చేసి పారితోషికం సంగతి కదిపితే ‘దైవకార్యం కదా మాస్టారూ’ అంది. పక్కవాద్యాలవాళ్ళకి కవర్లు ఇవ్వడం మాత్రం నా కళ్ళారా చూశాను.

డబ్బు అడగడం నా తప్పా?

మాడవీధి తాతయ్య (మైలాపూరు)
బాబూ, కోపం తెచ్చుకోవద్దు. తప్పే అంటాను. త్యాగయ్యగారు ఉంఛవృత్తితో, ఇంటింటా బియ్యం అడిగి తెచ్చుకుని బతికారు. తంజావూరు రాజు పంపిన కానుకలు వద్దన్నారని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆయన్ని తలుచుకుని కృతి కట్టి, చివర బిల్లు పంపుతావా? రేటు కడితే అది కృతి కాదు, సబ్బు ప్రకటన పాట. అంతగా కావాలంటే బాలమురళిగారిలా నువ్వే కట్టుకుని నువ్వే పాడుకో.

ఇంకో మాట. ‘తామసమేల’ పాత కృతుల్లో అరిగిపోయిన మాటే. దానికి వారమా?

ప్రాసాక్షరం
తాతయ్యగారూ, అరగని మాట కోసం ఆరు రోజులు వెతికాను. ఏడో రోజున మళ్ళీ దాని దగ్గరికే వచ్చాను. బాలమురళిగారి గొంతు నాకుంటే ఈ ప్రశ్నే వేసేవాణ్ణి కాదు. నాది జలుబు చేసిన తంబూరా.

గజ్జెలమ్మ (అడయారు, చెన్నై)
మా నాట్యంవాళ్ళ దగ్గరికి రండి మాస్టారూ, ఈ గొడవే ఉండదు. వర్ణం కావాలంటే కట్టేవాళ్ళకి ముందు సగం, స్టూడియో రికార్డింగ్ అయ్యాక సగం. అడుగులకి చెప్పే జతులు రాసినవాళ్ళకి వేరే. మొన్న మా శిష్యురాలి అరంగేట్రానికి, చివర్లో ఆడే తిల్లానా ఒకటి చేయించాం. ఆహిరి రాగంలో అడిగాం, ఆయన ‘అమ్మా, ఆహిరిలో పరుగు పెట్టలేం, పిల్ల అలిసిపోయి ఉంటుంది, చూసేవాళ్ళు కూడా’ అని నవ్వి, కదనకుతూహలంలో కట్టిచ్చాడు. ఇన్విటేషన్ మీద పేరు వేశాం, అడ్వాన్సు జీపే చేశాం. దానివల్ల ఆ తిల్లానాలో భక్తి తగ్గిందని ఎవరూ అనలేదు. కచేరీవాళ్ళకి మాత్రం కొత్త పాట చెట్టుకి కాసిన కాయలా కనిపిస్తుంది. రాలితే ఏరుకోవడమే.

ప్లీడరు గుమాస్తా (జార్జిటౌన్, చెన్నై)
చట్టం సంగతి రెండు ముక్కల్లో. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యానికీ, వరసకీ కట్టినవాళ్ళ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. ఆ లెక్క చనిపోయిన మరుసటి జనవరి నుంచి మొదలు. మొదట్లో 50 ఏళ్ళే ఉండేది, టాగోర్ రచనల గడువు అయిపోతున్న రోజుల్లో 60 చేశారు. బహిరంగంగా పాడే హక్కు కూడా అందులోదే. గుడి పూజలో పాడటం వేరు, టికెట్ చింపి లోపలికి పంపే సభ (కచేరీలు పెట్టే సంస్థ) వేరు.

త్యాగయ్యగారు 1847లో పోయారు, ఆయన జోలికి ఎవరూ రారు. మైసూరు వాసుదేవాచార్యులవారు 1961లో పోయారు. అంటే ఆయన కట్టిన, మనం ఇంట్లో కూనిరాగంగా తీసే ‘బ్రోచేవారెవరురా’కి 2021 ఆఖరుదాకా హక్కు ఉన్నట్టే. బాలమురళిగారివైతే 2076 దాకా. ఈ మాట ఏ గ్రీన్‌రూమ్‌లోనైనా చెప్పి చూడండి, కాఫీ కప్పు కింద పెట్టేసి మీ వంకే చూస్తారు.

మధ్యాహ్నం స్లాట్ (టి.నగర్, చెన్నై)
నేను పాడేదాన్ని. నా పేరు అడక్కండి, జనవరిలో ఇంకో రెండు కచేరీలున్నాయి. నాది పన్నెండింటి స్లాట్, టికెట్ ఉండదు. ముందు రెండు వరసల్లో మావాళ్ళే, మిగతావాళ్ళు క్యాంటీన్లో ఆకు వేసేదాకా ఏసీలో కూర్చున్నవాళ్ళు. కొత్త పాట మొదలుపెడితే పాటల పుస్తకంలో వెతుకుతారు, దొరక్కపోతే లేచి వెళ్ళిపోతారు. సభవాళ్ళిచ్చేది మృదంగం, వయొలిన్‌కి చాలదు, చేతినుంచి వేస్తాను. అన్నయ్యగారికి నేను ఎక్కణ్ణుంచి తెచ్చివ్వాలి?

పేరు చెప్పకపోవడం మాత్రం ఘోరం. దానికి రూపాయి ఖర్చు లేదు. ‘రావే గమే’ సంగతి నాకు తెలుసు. మాలో చాలామంది సాహిత్యం తమిళ లిపిలో రాసుకుంటారు. అందులో క, గ ఒకే అక్షరం, గుర్తుకి పక్కన అంకెలు వేసుకుంటారు. పదం ఎక్కడ విరుగుతుందో చెప్పే అంకె మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. మీరైనా నొటేషన్‌లో ‘రా’ తర్వాత ఒక గీత పెట్టాల్సింది.

ప్రాసాక్షరం
పెట్టాను తల్లీ. ఎర్ర ఇంకుతో.

బసవనగుడి బావ (బెంగుళూరు)
పాశ్చాత్య సంగీతంలో ఇది సులువు. రాసినాయన పేజీ ఇస్తాడు, వాయించేవాళ్ళు చుక్క కూడా మార్చరు. మన కృతిలో గాయకులు ఒకే పంక్తిని మార్చి మార్చి సంగతులు వేస్తారు, అప్పటికప్పుడు పెంచుతూ నెరవల్ చేస్తారు, పదేళ్ళకి ఆ పాట మొదట కట్టినాయనకే గుర్తుపట్టరానట్టు తయారవుతుంది. అప్పుడది ఎవరిది? నా లెక్కలో కంపోజర్‌ని పోషించేది సినిమాయే. తమిళ వాగ్గేయకారుడు పాపనాశం శివన్‌గారు సినిమా పాటలూ రాశారు, 1971లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధీ అయ్యారు. ఇళయరాజాగారు 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో సొంత సింఫనీ వినిపించారంటే వెనక ఎన్ని సినిమాలున్నాయో చూడండి. మీరూ స్టూడియోల చుట్టూ తిరగండి గురూ.

గజ్జెలమ్మ
ఏ స్టూడియో బావగారూ? ఇప్పుడు అక్కడ వయొలిన్లు కూడా కీబోర్డులోంచే వస్తున్నాయి.

మాడవీధి తాతయ్య
అందరూ నా మీద పడ్డారు. బాగుంది. కానీ పూర్వం కృతిని ఎవరూ అమ్ముకోలేదన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను.

ప్రాసాక్షరం
అమ్ముకోలేదు, నిజమే. పోషించేవాళ్ళు ఉన్నారు తాతయ్యగారూ. ముత్తుస్వామి దీక్షితులవారి తండ్రి రామస్వామి దీక్షితులుగారిని మణలి జమీందారు ఆదరించాడు. మణలి ఎంత దూరం మీకు? ఇప్పుడు అక్కడ రిఫైనరీ పెట్రోలు వాసన వస్తుంది గానీ, ఒకప్పుడు ఆ ఇంట్లో రాగమాలికలు పుట్టాయి. వాసుదేవాచార్యులవారిని పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్‌గారి దగ్గర చదువుకోమని పంపింది మైసూరు మహారాజు. తర్వాత ఆయన ఆ ఆస్థాన విద్వాంసుడే, పెద్ద వయసులో ఇక్కడ కళాక్షేత్రంలో పనిచేశారు. 1904లో మన లిపిలో, కృతుల స్వరాలతో అచ్చయిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ పుస్తకం వెనక ఎట్టయపురం సంస్థానం ఉంది. త్యాగయ్యగారొక్కరిని చూపించి మిగతా అందరి జీతాలూ మర్చిపోతే ఎలా? మహారాజు స్థానంలో ఇప్పుడు సభ కూర్చుంది. పట్టుశాలువా కప్పడం అక్కడినుంచి నేర్చుకుంది, జీతం సంగతి వదిలేసింది.

మాడవీధి తాతయ్య
మణలి సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటాను. సభవాళ్ళు ఇవ్వాలంటే నాకు అభ్యంతరం లేదు. పాడే పిల్లల దగ్గర మాత్రం గుంజవద్దు.

మధ్యాహ్నం స్లాట్
తాతగారికి దండం. అన్నయ్యగారూ, ఆ కృతి నాకు పంపిస్తారా? పొంగల్ తర్వాత నంగనల్లూరులో కచేరీ ఉంది. మీ పేరు, ఊరు రెండూ చెప్పి పాడతాను. ‘రా’ తర్వాతే ఊపిరి తీసుకుంటాను.

ప్రాసాక్షరం
ఇవాళే పంపిస్తాను. డబ్బుల సంగతి తర్వాత చూద్దాం.

గజ్జెలమ్మ
అదిగో! ‘తర్వాత’ అన్నారంటే అయిపోయినట్టే. ఇంత చర్చ పెట్టి మీరే జారిపోతే ఎలా మాస్టారూ? రేటు చెప్పండి.

ప్రాసాక్షరం
సరే. రెండు వేలు. అమ్మాయికి సభవాళ్ళు అంతకన్నా తక్కువిస్తే అందులో పదోవంతు.

మధ్యాహ్నం స్లాట్
నంగనల్లూరులో పదిహేను వందలిస్తారు.

ప్రాసాక్షరం
అయితే నూట యాభై. రసీదు ఇస్తాను, దాచిపెట్టు. నాకు వచ్చే మొదటి రాయల్టీ అదే.