పదకొండేళ్ల లాప్‌టాప్, క్వారీ దుమ్ము, పెళ్లికార్డుల ఫైళ్లు: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

చీమకుర్తి_డీటీపీ:
అన్నలూ అక్కలూ ఒక సలహా కావాల. మాది చీమకుర్తి, చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. 2015లో కొన్న లాప్‌టాప్, ఐ3 ఐదో జనరేషన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు, విండోస్ 10. పొద్దున ఆన్ చేసి పోయి టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతానే ఉంటది, ఫ్యాన్ అయితే పిండిమిల్లు సౌండు. మా ఊరి సంగతి తెలిసిందేగా, క్వారీ లారీలు, గ్రానైట్ కటింగు, పొద్దున తుడిచిన టేబుల్ మీద మధ్యాన్నానికి వేలితో పేరు రాయొచ్చు. ఒంగోల్లో ఒక షాపులో చూపిస్తే మూత కూడా తియ్యకుండా, విండోస్ 10 అయిపోయింది, 11 దీంట్లో ఎక్కదు, పడేసి కొత్తది కొనుక్కోమన్నాడు. కొనే స్తోమత ఇప్పుడు లేదు. కానీ నా అసలు భయం అది కాదు, పేజ్‌మేకర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లతో చేసిన పెళ్లికార్డులు, ఓణీల ఫంక్షన్లు, పెద్దకర్మ కార్డులు పదేళ్లవి దీంట్లోనే ఉన్నయ్. ఏం చెయ్యమంటారు?

పెన్నగట్టు_పాతకాపు:
తమ్ముడూ, స్క్రూడ్రైవర్ ముట్టుకోబాక, విండోస్ మళ్లీ వెయ్యబాక, ముందు ఆ ఫైళ్లన్నీ ఇంకో డిస్కులోకి కాపీ తీసుకో. ఈ రాత్రికే. నేను విండోస్ 98 రోజుల నుంచీ వీటితోనే ఉండా, ఎన్ని మిషన్లు విప్పానో లెక్క లేదు, అయినా నాకే దెబ్బ తగిలింది. 2021 నవంబర్‌లో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు కాడ రైలుకట్ట కొట్టుకుపోయిందే, అప్పుడు మా కోవూరు ఇంట్లోకి మోకాలెత్తు నీళ్లొచ్చినయ్. సీపీయూ నేల మీద, బ్యాకప్ తీసిన హార్డ్‌డిస్కు అదే టేబుల్ కింది సొరుగులో. రెండూ ఒకే నీళ్లలో మునిగినయ్. మా అమ్మ పాడిన మంగళహారతుల రికార్డింగులు దాంట్లోనే ఉండె. అవి ఇంక రావు.

అందుకని కాపీలు మూడు ఉండాల, రెండు వేరే వేరే రకం వాటిల్లో ఉండాల, ఒకటి వేరే ఊళ్లో ఉండాల. నావి రెండు డిస్కులు, ఒకటి గూడూర్లో చెల్లెలింట్లో ఉంటది, సంక్రాంతికీ వినాయక చవితికీ పోయినప్పుడు అది తెచ్చుకుని ఇది ఇచ్చొస్తా. మధ్యలో చేసిన పని గూగుల్ డ్రైవ్‌లో పెడతా, 15 జీబీ ఉచితంగానే ఇస్తాడు కదా, కార్డుల ఫైళ్లకి అది శానా ఎక్కువ.

కాపీ అయినాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడు. నీలం రంగులో గుడ్ అనొస్తే పర్లేదు, పసుపు రంగులో కాషన్ అనొస్తే ఆ డిస్కు ఇంక నమ్మబాక. ఎట్టా వచ్చినా హార్డ్‌డిస్కు తీసేసి దాని చోట్లో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ వెయ్యి, అదీ ఫైళ్లు దాచే డిస్కే, కాకపోతే తిరిగే భాగాలుండవు. ఆ పాత హార్డ్‌డిస్కు సెకనుకి 100 ఎంబీ చదవడమే గొప్ప, ఇది 500 దాకా చదువుతది, ఆన్ చేసిన నిమిషంలోపే పని మొదలుపెట్టుకోవచ్చు. ర్యామ్ కూడా 8 జీబీ చేసుకో, కాకపోతే పాత ర్యామ్ మీద స్టిక్కర్ చూసుకుని కొను, ఆ కాలం లాప్‌టాపుల్లో ఎక్కువగా డీడీఆర్3ఎల్ రకం ర్యామ్ ఉంటది, 1.35 వోల్టులది, ఎల్ లేని డీడీఆర్3 అంటగడితే కొన్ని బోర్డులు ఆన్ కూడా కావు.

మార్కాపురం_పలక:
మాకు పలకరాయి దుమ్ము, మీకు గ్రానైట్ దుమ్ము, బాధ ఒకటే. సగం స్లో వేడి వల్లే బ్రో, ప్రాసెసర్ వేడెక్కితే కాలిపోకుండా తనంతట తనే స్పీడు తగ్గించుకుంటది. కింది మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ పీకి, ఫ్యాన్ రెక్క తిరక్కుండా పుల్లతో అదిమి పట్టి అప్పుడు బ్లోయర్ కొట్టు, వదిలేసి కొడితే ఫ్యాన్ మామూలు కంటే జోరుగా తిరిగి బేరింగ్ పోద్ది. ఫ్యాన్‌కీ, వేడి బయటికి పంపే సన్నటి రేకులకీ మధ్య దుమ్ము దుప్పటిలాగా పేరుకుని ఉంటది, అది చేత్తో లాగాల్సిందే, గాలికి రాదు. ప్రాసెసర్ మీద వేడి లాగడానికి పూసే థర్మల్ పేస్టు ఉంటది, పాతది తుడిచి కొత్తది బియ్యపు గింజంత పెట్టు చాలు. మా షాపులో ఆర్నెల్లకోసారి చేస్తాం. ఇంకోటి, రాత్రి షట్టర్ వేసేటప్పుడు పాత లుంగీ గుడ్డ కప్పు, ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రం వద్దు.

విండోస్ గొడవెందుకు, దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసేయ్, పాత మిషన్ మీద హాయిగా నడుస్తది.

కావలి_అక్క:
పలక తమ్ముడూ, మింట్ మంచిదే, మా ఇంట్లో పిల్లల లాప్‌టాప్‌లో అదే ఉంది, కానీ ఈ అబ్బాయి బతుకుదెరువు పేజ్‌మేకరు, అను స్క్రిప్టు. అవి విండోస్‌వి. పని ఆగిపోయే సలహా ఇవ్వకూడదు.

బాబూ, విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగినయ్ గానీ, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీకి పోయి నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తయ్. మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. విండోస్ 11కి ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ నుంచి కావాలి, అందులో ఆ షాపతను చెప్పింది నిజమే. ఆ అప్‌డేట్లు ఆగినాక ఈ లాప్‌టాప్‌ని నెట్ తీసేసి ఒట్టి డిజైన్ పనికే ఉంచుకో, బ్యాంకు పనులు మాత్రం దీంట్లో చెయ్యొద్దు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఫాంట్ల గురించి. ‘అను’ ఫాంట్లు యూనికోడ్ కాదు, అంటే అన్ని మిషన్లూ ఫోన్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి కాదు. ఆ ఫాంటు లేని మిషన్‌లో నువ్వు చేసిన కార్డు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ కనపడతయ్. డిస్కు భద్రంగా ఉన్నా రాత పోయినట్టే కదా. అందుకని ప్రతి కార్డూ ప్రింటుకి పంపే రోజే పీడీఎఫ్ చేసి పక్కన పెట్టు, ఫాంట్లు దాంట్లోనే కలిపి ఉండేట్టు చూసుకో. మళ్లీ మళ్లీ వాడే శ్లోకాలు, ఆహ్వాన వాక్యాలు యూనికోడ్‌లోకి మార్చి ఒక ఫైల్లో దాచుకుంటే ఫోన్లో కూడా చదువుకోవచ్చు, వెతుక్కోవచ్చు. మార్చాక ఒత్తులు ఒకసారి కళ్లతో చూసుకో, పెళ్లికార్డులో ఇంటిపేరు తప్పు పడితే ఆ ఇంటోళ్లు జన్మలో మర్చిపోరు.

పెన్నగట్టు_పాతకాపు:
అక్క చెప్పింది రైటు, నాకు ఫాంట్ల సంగతి తట్టలా. ఇంకొక్కటి, షాపులో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటదేమో చూడు. అది వేస్తే కరెంటు పోయినప్పుడు త్వరగా మారతది, డెస్క్‌టాప్ ఉన్నోళ్లకి మిషన్ ఆఫ్ అయిపోకుండా ఉంటది. రూటర్ 12 వోల్టులదైతే దానికో చిన్న యూపీఎస్ తగిలించు. వాయుగుండం అనంగానే మేం అన్నీ ఫుల్ ఛార్జింగ్ పెట్టి కూర్చుంటాం.

చీమకుర్తి_డీటీపీ:
రాత్రి రెండింటి దాకా కూర్చుని కాపీ తీసా అన్నా. కాషన్ అనే వచ్చింది, మూడు ఫైళ్లు ఎర్రరొచ్చి రాలేదు, మిగతావన్నీ వచ్చినయ్. ఒక డిస్కు పొద్దున్నే బస్సులో మా మేనమామ చేతికిచ్చి దర్శి పంపిచ్చా. మూత తీసి చూస్తే ఫ్యాన్ కాడ దుమ్ము అరచేతిలో ముద్ద అయింది, తీసేసరికే సౌండు సగం తగ్గింది. ఎస్‌ఎస్‌డీకి ఆదివారం ఒంగోలు పోతున్నా. అక్కా, 2016లో చేసిన మా చెల్లి పెళ్లికార్డుకి మొదట పీడీఎఫ్ చేసా, ఫోన్లో తెరిస్తే ఒత్తులతో సహా చక్కగా వచ్చింది.