సమస్య: ఓటమికి గూడ విజయమే యొప్పు పేరు

ఈ వారం తేటగీతి పద్యానికి చివరి పాదం ఇస్తున్నాము. ఫలితాన్ని చెప్పే ఆంగ్లపదాల పుట్టుకను, వాటి అర్థం మారిన తీరును ఆధారం చేసుకొని పూరించవలెను.

దేవరకొండ సభ్యురాలి పూరణ:

ఆంగ్లమున 'సక్సె'సను మాట కర్థ మపుడు
వెనుక వచ్చినదని యంతె, వేరు లేదు;
మేలు కీడన్న భేదమ్ము మెదల దందు;
ఓటమికి గూడ విజయమే యొప్పు పేరు.

నిర్వాహకుడు (వనపర్తి): అమ్మా, పూరణ చాలా బాగున్నది. సక్సెస్‌కు మూలమైన లాటిన్ క్రియకు వెంట రావడమని అర్థం కనుక, పదహారవ శతాబ్దంలో ఆంగ్లేయులు మంచి ఫలితాన్నీ చెడు ఫలితాన్నీ ఆ ఒక్క మాటతోనే చెప్పుకొన్నారు. 1611లో అచ్చయిన ఆంగ్ల బైబిలులో, యెహోషువ గ్రంథం మొదటి అధ్యాయంలో, 'గుడ్ సక్సెస్' అని ఉండడానికి కారణం ఇదే: 'గుడ్' చేర్చకపోతే మేలు అన్న భావం స్థిరపడేది కాదు. అయితే మన 'విజయం' ఏనాడూ ఓటమిని కలుపుకోలేదు, అందువల్ల మీ పద్యం మొత్తం మొదటి పాదంలోని 'అపుడు' మీదనే నిలిచింది. సమస్య అచ్చుతో మొదలవుతుంది గనుక, ముందు మాటతో సంధి చేయవలసిన చిక్కు రాకుండా మూడవ పాదంతోనే వాక్యాన్ని ముగించిన మీ మెలకువ నాకు మరీ నచ్చింది.

గద్వాల సభ్యుని పూరణ:

నేల దాకిన బంతియే నింగి కెగయు;
తెలియ నాంగ్ల రిజల్టుకు తిరిగి దూకు
చేష్ట మూలము, పడి లేచి చేవ జూప
ఓటమికి గూడ విజయమే యొప్పు పేరు.

నిర్వాహకుడు: అన్వయం సొగసుగా ఉన్నది. రిజల్ట్ మూలంలో వెనక్కి ఎగరడమే ఉన్నది, గెలుపు మాత్రం మీరు చేర్చినది. కవికి ఆ స్వేచ్ఛ ఉండవలసిందే. 'జూప' తరువాత 'ఓటమి' రావడం విసంధి దోషం, అంటే సంధి చేయవలసిన చోట చేయకపోవడం. 'జూపె' అంటే వాక్యం ముగిసి దోషం తొలగుతుంది.

నకిరేకల్ సభ్యుడు: సక్సెస్‌కు జరిగినదే మన కళ్లముందు రిజల్టుకూ జరుగుతున్నదని నాకు అనిపిస్తున్నది. మా వైపు బత్తాయి రైతు 'మందు కొట్టిన గాని రిజల్టు లేదు' అన్నప్పుడు, ఫలితమే రాలేదని కాదు, మంచి ఫలితం రాలేదని అతని భావం. విశేషణం మాటలోనే కలిసిపోయింది. 'ఫలితం లేకపోయింది' అనే మన వాడుకలోనూ ఇదే వరస.

గద్వాల సభ్యుడు: సవరణ శిరోధార్యం, అయ్యా. మూడవ పాదం ఇకపై 'చేష్ట మూలము. పడి లేచి చేవ జూపె' అని చదువుకొనగలరు. నకిరేకల్ వారి మాట మీద మరొక పూరణకు కూర్చుంటున్నాను.